ట్రాక్టరు ట్రక్కుకు కాగితాలు

వార్షికోత్సవ సంచిక అంటే కథలు, కవితలు, పెద్దల సందేశాలు, పదో తరగతిలో ఫస్టు వచ్చినవాళ్ల ఫోటోలు ఉంటాయి. ఉండాలి కూడా. మేము మాత్రం ఈసారి ట్రాక్టరు ట్రక్కు గురించి రాస్తున్నాం. నవ్వకండి మిత్రులారా! మన హాస్టల్లో చదివినవాళ్లలో, ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లలో చాలామంది ఇళ్లకు ఆ ట్రక్కుతో ఏదో ఒక సంబంధం ఉంది. ఒకరి నాన్న దానికి డ్రైవరు. ఒకరి అమ్మ తెల్లవారుజామునే క్యారేజీ పట్టుకుని దానిమీద ఎక్కి ఊడ్పులకు వెళ్తుంది. ఒకరి బావ ఇటుక బట్టీకి మట్టి తోలతాడు. ఇంకొకరి అన్నయ్య అప్పు చేసి పాత ట్రాక్టరు కొన్నాడు, దాని వెనకాల కాగితం ముక్కలేని ట్రక్కు కూడా వచ్చింది.

మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. అందుచేత మా పేటలో ఎవరికి ఏ కాగితం వచ్చినా ముందు మా చేతిలో పెడతారు. బ్యాంకు నోటీసు దగ్గర నుంచి రేషను కార్డు దాకా అంతే. అలాగే మా చిన్నాన్న కొన్న పాత ట్రక్కు సంగతీ మా దగ్గరికి వచ్చింది. దానికోసం మోటారు వాహనాల చట్టం పుస్తకం తిరగేశాం, ఆఫీసుల చుట్టూ తిరిగాం. అప్పుడు తెలుసుకున్న సంగతులు మనవాళ్లకు పనికొస్తాయని ఇక్కడ పెడుతున్నాం.

ముందు పేరు సంగతి. మనం ట్రక్కు అంటాం, కొందరు తొట్టి అంటారు, తెలంగాణ వైపు ట్రాలీ అంటారు. ఆఫీసు భాషలో దాని పేరు ట్రైలర్. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 2వ సెక్షన్‌లో 'మోటారు వాహనం' అనే మాటకు అర్థం చెబుతూ, అందులో ట్రైలరు కూడా చేరుతుందని స్పష్టంగా రాశారు. ఇంజను లేకపోయినా సరే, మోటారు బండి లాగడానికి తయారైన బండి అయితే అదీ మోటారు వాహనమే. ఈ ఒక్క వాక్యం తెలిస్తే సగం విషయం తెలిసినట్టే. ఎందుకంటే రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు వంటి షరతులన్నీ ఆ మాట వెనకాలే వస్తాయి. 39వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు కాని మోటారు వాహనాన్ని నడపకూడదు. 61వ సెక్షన్ అయితే, రిజిస్ట్రేషను అధ్యాయం మిగతా బళ్లకు ఎలా వర్తిస్తుందో ట్రైలర్లకూ అలాగే వర్తిస్తుందని విడిగా చెబుతుంది.

మేము ఈ మాట చెబితే మా ఊరి వెల్డింగు షాపు ఆయన, "ఆయ్, ట్రక్కుకేం నెంబరండీ? ట్రాక్టరుకుంటే చాలదేటి?" అన్నారు. ఆయన ఒక్కరిదే కాదు ఆ అభిప్రాయం. ట్రాక్టరు నెంబరునే ట్రక్కు వెనక పెయింటుతో రాసేసి, పని అయిపోయింది అనుకునేవాళ్లు ఎక్కువ. నిజానికి అందులో సగం సరైనదే. ట్రక్కు తగిలించి నడిపేటప్పుడు లాగే బండి నెంబరు ట్రక్కు మీద కనపడాలని 61వ సెక్షనే చెబుతోంది. అయితే అదే సెక్షన్ ట్రైలరుకు వచ్చిన నెంబరును లాగే బండి పక్కన చూపించాలనీ చెబుతోంది. అంటే నెంబర్లు రెండు. ట్రాక్టరుది ఒకటి, ట్రక్కుది ఒకటి.

ఇంకొక మాట కూడా వినపడుతుంది. "మేము రోడ్డెక్కం, పొలంలోనే తోలుకుంటాం" అని. 39వ సెక్షన్‌లో "బహిరంగ స్థలంలో గాని, మరే ఇతర స్థలంలో గాని" అనే అర్థంలో ఉంది. పొలం గట్టు దాటలేదు అన్నంత మాత్రాన రిజిస్ట్రేషను అక్కర్లేదని చట్టంలో ఎక్కడా లేదు. అయినా మన కోనసీమలో పొలానికీ కళ్లానికీ మధ్య రోడ్డెక్కకుండా వెళ్లే దారి ఎన్ని ఊళ్లలో ఉంది? కాలువ గట్టే రోడ్డు, రోడ్డే కాలువ గట్టు.

ప్రపంచంలో అన్నిచోట్లా ఇలాగే లేదు. బ్రిటన్‌లో చిన్న ట్రైలర్లకు దేశం లోపల తిరగడానికి విడి రిజిస్ట్రేషను అడగరు, లాగే బండి నెంబరే వెనక తగిలిస్తారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇంటి దగ్గర సొంతంగా చేసుకున్న ట్రైలరును కూడా తీసుకెళ్లి చూపిస్తే, తనిఖీ చేసి దానికొక గుర్తింపు సంఖ్య ఇచ్చి రిజిస్టరు చేస్తారు. మన దగ్గర పద్ధతి వేరు. ఇక్కడ ముందు నమూనాకు ఆమోదం ఉండాలి, ఆ తర్వాతే బండికి నెంబరు. అసలు చిక్కంతా ఇక్కడే.

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 47వది రిజిస్ట్రేషను దరఖాస్తు గురించి. దరఖాస్తు ఫారం 20. దానితోపాటు అమ్మకం పత్రం (ఫారం 21), చెల్లుబాటులో ఉన్న ఇన్సూరెన్సు, చిరునామా రుజువు, రోడ్డు మీద తిరగడానికి బండి తగినదని తయారీదారు ఇచ్చే పత్రం (ఫారం 22), ఫీజు అడుగుతారు. ఇవి ఏ బండికైనా ఉండేవే. ట్రైలరుకు మాత్రం ఇంకొకటి అదనం. దాని డిజైనును రాష్ట్ర రవాణా అథారిటీ గాని, రవాణా కమిషనరు గాని, ప్రభుత్వం చెప్పిన మరో అధికారి గాని ఆమోదించినట్టు ఉత్తర్వు నకలు జత చేయాలి. పేరున్న ట్రైలరు తయారీదారులు ఈ ఆమోదం ముందే తెచ్చుకుని ఉంటారు. కొనేటప్పుడు అడిగితే ఆ నకలు ఇస్తారు. రోడ్డు పక్క వెల్డింగు షాపులో చేయించిన ట్రక్కుకు ఆ ఉత్తర్వు ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మకం పత్రం ఎవరివ్వాలి? అందుకే అక్కడ దరఖాస్తు ఆగిపోతుంది.

నోటరీ చేయించిన అమ్మకం కాగితం ఉందండీ అంటారు కొందరు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకాలూ సాక్షులూ ఉండొచ్చు. అది ఇద్దరి మధ్య ఒప్పందానికి రుజువే తప్ప ఫారం 21కి బదులు కాదు.

ఈ డిజైను ఆమోదం అనేది ఊరికే ఇబ్బంది పెట్టడానికి పెట్టినది అనుకున్నాం మొదట్లో. ఊరి ట్రక్కు ఎలా తయారవుతుందో దగ్గరుండి చూస్తే కారణం అర్థమవుతుంది. తుక్కులో దొరికిన పాత లారీ ఇరుసు, రెండు ఇనప ఛానళ్లు, అడుగున రేకు, చుట్టూ డోర్లు, ముందు ట్రాక్టరుకు తగిలించే కొక్కెం. వెల్డరు పనిమంతుడే, అందులో అనుమానం లేదు. కానీ రెండు చక్రాల ట్రక్కులో బరువు కొంత ఇరుసు మీద, కొంత ట్రాక్టరు కొక్కెం మీద పడాలి. ఇరుసు ఎక్కడ పెట్టాలన్నది కంటి అంచనాతో పెడితే, సరుకు వెనక్కి ఎక్కువైనప్పుడు ట్రక్కు మూతి పైకి లేస్తుంది. దానితో ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు తగ్గిపోతుంది. డోర్లు ఎత్తు పెంచి కొబ్బరి డొక్కలో, వరిగడ్డో కొండలా పోస్తే బరువు పైకి చేరుతుంది. కాలువ గట్టు మలుపులో ఒక చక్రం అంచు దిగితే చాలు, పడిపోవడానికి. ట్రక్కుకు సొంత బ్రేకు లేకపోతే ట్రాక్టరు ఆగినా ట్రక్కు ఆగదు, ముందుకు తోసేస్తుంది. వారధి దిగేటప్పుడు ట్రాక్టరు అడ్డం తిరిగిపోయేది అందుకే. ఇవన్నీ లెక్క కట్టిన డిజైనా కాదా అన్నదే ఆ ఉత్తర్వు చెప్పేది.

2019లో చట్టాన్ని సవరించినప్పుడు 182ఏ అనే సెక్షన్ చేర్చారు. నిబంధనలకు విరుద్ధంగా బండి తయారుచేసి అమ్మినవారికి ఏడాది దాకా జైలు గాని, బండికి లక్ష రూపాయల చొప్పున జరిమానా గాని, రెండూ గాని అని ఉంది. ఉన్న బండిని సొంతంగా మార్చేసిన యజమానికి కూడా, ఒక్కొక్క మార్పుకు అయిదు వేల జరిమానా గాని ఆరు నెలల దాకా జైలు గాని ఉంది. మన వెల్డింగు షాపుల వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పాలి. వాళ్లూ మనవాళ్లే.

ఇప్పుడు చేతిలో ఉన్న ట్రక్కును ఏం చేయాలన్న ప్రశ్నకు వద్దాం. ముందు అది ఎలాంటి ట్రక్కో తేల్చుకోవాలి. చాసిస్ మీద మట్టీ, తుప్పూ గీకి చూడండి. పోత పోసినట్టో, సుత్తితో కొట్టినట్టో అంకెలు కనపడితే అది తయారీదారు వేసిన చాసిస్ నెంబరు. పక్కన కంపెనీ పేరున్న రేకు ఉంటే మరీ మంచిది. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి, ఆఫీసులో అదే అడుగుతారు. పాత పెయింటు కింద ఏపీ 05 అని ఏదైనా నెంబరు ఉందేమో చూడండి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస మొదలయ్యేదాకా మన తూర్పు గోదావరి బళ్లకు వచ్చిన అక్షరాలు అవే.

పాత నెంబరు దొరికితే సంతోషించండి, ఎందుకంటే ఆ ట్రక్కు ఒకప్పుడు రిజిస్టరు అయినదే. ఎంపరివాహన్ యాప్‌లో ఆ నెంబరు కొడితే వివరాలు వస్తాయేమో చూడొచ్చు. మరీ పాతవి కంప్యూటరులోకి ఎక్కి ఉండకపోవచ్చు, అప్పుడు ఆఫీసులో పాత రిజిస్టరు చూడమని అర్జీ పెట్టాలి. ఆర్‌సీ పోయి ఉంటే పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేసి, ఆ కాగితంతో ఫారం 26 మీద నకలు కోరాలి. అది యజమాని చేయవలసిన పని. కొన్నవారి పేరుకు మారడానికి ఫారం 29, 30. అమ్మినవారి సంతకం లేకుండా ఇవి కదలవు. అమ్మిన మనిషి చనిపోయి ఉంటే ఆయన వారసులు ముందు ఫారం 31తో తమ పేరుకు మార్పించుకోవాలి. చట్టప్రకారం చావు జరిగిన ముప్ఫై రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లో దరఖాస్తు పెట్టాలి. మన పల్లెల్లో ఎవరు పెడతారు? ఆలస్యమైందని మానేయకండి, అదనపు రుసుము కట్టి చేయించుకోవచ్చు. అప్పు మీద కొన్న బండి అయితే బ్యాంకు బాకీ తీరినట్టు ఫారం 35 కూడా కావాలి. ఎన్నడో అప్పు తీరిపోయినా ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉండిపోయిన బళ్లు మా పేటలోనే ఉన్నాయి.

వ్యవసాయపు బండిగా, అంటే నాన్‌ట్రాన్స్‌పోర్టుగా నమోదైన దానికి రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫారం 25తో అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి, బండిని తనిఖీకి చూపించాలి. సరుకు రవాణా బండిగా నమోదైతే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు వేరే. కొత్త బండికి రెండేళ్లు, ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకొకసారి, ఆపైన ప్రతి ఏడాదీ.

మన దగ్గర మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. ఎదుర్లంక దగ్గర వంతెన దాటితే యానాం. అది పుదుచ్చేరి కింద ఉన్నది, అక్కడి బళ్ల నెంబరు పీవై 04తో మొదలవుతుంది. కళ్లకు అదే గోదావరి, అదే కొబ్బరి తోట, కాగితాలకు మాత్రం వేరే రాష్ట్రం! యానాం నెంబరున్న ట్రక్కు కొంటే ముందు అక్కడి ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం (ఫారం 28) తెచ్చుకోవాలి. పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంచితే ఫారం 27తో మన రాష్ట్రపు నెంబరు వేయించుకోవాలి. అమ్మినాయన ఊళ్లో ఉండగానే ఆ పత్రం అడగండి, తర్వాత పడవేసుకుని వెతకాల్సి వస్తుంది.

ఇక చాసిస్ నెంబరు ఉండి ఎప్పుడూ రిజిస్టరు కానిది రెండో రకం. తయారీదారు ఇంకా ఉంటే ఆ నెంబరు చెప్పి ఫారం 21, 22, డిజైను ఆమోదపు నకలు ఇమ్మని అడగాలి. ఇచ్చినవాళ్లూ ఉన్నారు, పాత పుస్తకాలు లేవన్నవాళ్లూ ఉన్నారు.

ఏ నెంబరూ లేనిది, ఊళ్లో చేయించినది మూడో రకం. మా చిన్నాన్న ట్రక్కు ఇదే. దానికి సూటి దారి లేదు. ఎవరో ఒకాయన, "మరో బండి నెంబరు కొట్టించేద్దాం అబ్బాయ్, ఎవరు చూస్తారు?" అని సలహా ఇచ్చారు. అది ఫోర్జరీ కేసు. ట్రక్కు కాగితం కోసం వెళ్లి జైలు కాగితం తెచ్చుకోవడమే. సరైన దారి ఒకటే. ఆమోదం ఉన్న తయారీదారు దగ్గర కొత్తది తీసుకోవడం, పాతదాని ఇనుము తుక్కుకు వేసి ఆ డబ్బు కలుపుకోవడం. చిన్నాన్న మొదట ఒప్పుకోలేదు. "ఇన్నాళ్లూ తోలలేదేంట్రా!" అన్నాడు. పిన్ని, "నువ్వు తోలావు, ఎక్కింది మేము" అంది. మరి మాట్లాడలేదు.

పిన్ని అన్న ఆ మాట దగ్గర కొంచెం ఆగాలి. నెంబరు లేకపోతే జరిమానా ఎంత అని అందరూ అడుగుతారు. 192వ సెక్షన్‌లో మొదటిసారికి రెండు వేలకు తగ్గకుండా అయిదు వేల దాకా, మళ్లీ దొరికితే అయిదు వేల నుంచి పది వేల దాకా గాని, ఏడాది దాకా జైలు గాని అని ఉంది. అది కట్టేయొచ్చు. కట్టలేనిది వేరే ఉంది. రిజిస్ట్రేషను లేని ట్రక్కుకు ఇన్సూరెన్సు ఉండదు. ట్రాక్టరు పాలసీలో ట్రక్కు వివరం రాయించి దానికి ప్రీమియం కట్టకపోతే, ట్రక్కు మీద ఉన్న మనిషికి ఏమైనా అయితే కంపెనీ చేతులెత్తేస్తుంది.

2007లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. ఇటుక బట్టీ మట్టి పని మీద ట్రాక్టరు ట్రక్కు ఎక్కిన కూలీ ప్రమాదంలో దెబ్బతిన్నాడు. ట్రాక్టరుకు వ్యవసాయ పనులకు మాత్రమే ఇన్సూరెన్సు ఉంది, ట్రక్కుకు లేదు. చట్టప్రకారం కంపెనీకి బాధ్యత లేదని కోర్టు తేల్చింది. కానీ ఆ కూలీ పేదవాడని చూసి, తన ప్రత్యేక అధికారంతో, ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలని ఆదేశించింది. అంటే కూలీకి వచ్చినది పాలసీ ఇచ్చిన హక్కు కాదు, కోర్టు దయ. ఆ బరువు చివరికి పడేది యజమాని మీద. ఆ యజమాని కూడా చాలాసార్లు మా చిన్నాన్నలాంటి మనిషే, పెద్ద కామందు కాదు.

2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లాలో కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది ఆడవాళ్లు పోయారు. అదే ఏడాది జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో ట్రాక్టరు పడి 15 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆడకూలీలే. 2020 మే 14న మన రాష్ట్రంలోనే ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరప కోతల నుంచి తిరిగొస్తున్న ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దింది. కాలువలూ స్తంభాలూ మనకేం తక్కువ లేవు. ట్రక్కు సరుకు కోసం చేసిన బండి, మనుషుల కోసం కాదు. కాగితాలన్నీ ఉన్నా ఈ మాట మారదు. అయితే కూలీలు ఎక్కక తప్పని పరిస్థితి ఉన్నంత కాలం, ఎత్తడానికీ దించడానికీ ఉండే పనివాళ్లకు వర్తించేలా అదనపు ప్రీమియం కట్టించడం కనీసం చేయగలిగినది. పని చేయించుకునే యజమానికి 1923 నాటి నష్టపరిహారపు చట్టం కింద బాధ్యత ఎలాగూ ఉంటుంది.

వ్యవసాయం, కిరాయి అనే తేడా కూడా తెలుసుకోవాలి. నిబంధనల్లో వ్యవసాయ ట్రాక్టరంటే పొలం పనులకూ, ట్రైలరుతో వ్యవసాయ వస్తువులు చేరవేయడానికీ ఉన్నదని, అది నాన్‌ట్రాన్స్‌పోర్టు బండి అని రాశారు. సొంత చేలో ధాన్యం, ఎరువులు, తోట కాయలు తెచ్చుకోవడం దీని కిందికి వస్తుంది. ఇసుక, ఇటుక, కంకర కిరాయికి తోలితే మాత్రం లెక్క మారుతుంది. ట్రాక్టరూ ట్రైలరూ కలిస్తే సరుకు రవాణా బండే అవుతుందని, పర్మిట్టు కావాలని 2005లో నట్వర్ పారిఖ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనవాళ్లు పంటల కాలంలో ధాన్యం, ఖాళీ కాలంలో ఇసుక తోలతారు. ఆర్‌సీలోనూ పాలసీలోనూ 'వ్యవసాయం' అని ఉండి, ప్రమాదం ఇసుక లోడుతో జరిగితే ఏమవుతుందో పైన చెప్పిన కేసే చెబుతుంది. చేసే పనే రాయించుకోండి, ఖర్చు కొంచెం ఎక్కువైనా.

లైసెన్సు గురించి ఒక మంచి కబురు. ట్రాక్టరు నడపడానికి లైసెన్సు ఉన్నవాడు ట్రక్కు తగిలించినంత మాత్రాన లైసెన్సు లేనివాడైపోడని 2001లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తమ్ముళ్లకు మాత్రం ఇది వర్తించదు. వేసవి సెలవులకు వెళ్లి ట్రాక్టరు స్టీరింగు పట్టే తొమ్మిది, పది తరగతుల వాళ్లు మన హాస్టల్లో ఉన్నారని తెలుసు. 2019 తర్వాత 199ఏ సెక్షన్ కింద, పిల్లవాడు బండి నడిపితే శిక్ష తండ్రికీ యజమానికీ. మూడేళ్ల దాకా జైలు, పాతిక వేల జరిమానా, పైగా ఏడాది పాటు బండి రిజిస్ట్రేషను రద్దు. ఇన్ని తిప్పలు పడి తెచ్చిన నెంబరు అలా పోతుంది.

దరఖాస్తుకు అమలాపురం రవాణా శాఖ ఆఫీసు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడ్డాక కోనసీమ వాళ్లకు చాలా పనులకు కాకినాడ వెళ్లే అవసరం తగ్గింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టి తారీఖు తీసుకుని, ఆ రోజు ట్రక్కును తీసుకెళ్లి చూపించాలి. వెనక రెండు ఎర్ర రిఫ్లెక్టర్లు, వెనక దీపం లేకుండా తీసుకెళ్తే తిప్పి పంపుతారు. ఖరీదైన సామాను కాదు, ముందే బిగించుకోండి. రాత్రిపూట రోడ్డు వార ఆపిన చీకటి ట్రక్కును మోటారు సైకిలు వెళ్లి గుద్దుకోకుండా కాపాడేది కూడా ఆ ఎర్ర బిళ్లలే. బ్రోకరు లేకుండా పని కాదన్నది పాత మాట. ఫారాలు తెలుగు వచ్చిన ఎవరైనా ఇంటర్ కుర్రాడి చేత చదివించుకుని నింపించుకోవచ్చు. నింపేవాళ్లు ఒక్కటి చూసుకోండి. మన పెద్దవాళ్ల పేర్లు ఆధార్‌లో ఒకలా, పాత ఆర్‌సీలో ఒకలా, బ్యాంకు పుస్తకంలో మరోలా ఉంటాయి. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు వెనక్కి వస్తుంది. ముందు ఆధార్ సరిచేయించి, ఆ తర్వాతే ఫారం 20 ముట్టుకోండి.